బకెట్టులో భూచంపకం

చెన్నై సౌకార్‌పేటలో పెరుమాళ్ ముక్కుకు ఉన్న మర్యాద అంతా ఇంతా కాదు. నాటుమందుల అంగడిలో ముప్పై అయిదేళ్లుగా ఆయన పని ఒక్కటే. వచ్చిన వేళ్లనూ దుంపలనూ వాసన చూసి, అసలువో కావో చెప్పాలి. ఆయన తల ఊపితేనే యజమాని సుందరం మూట విప్పేవాడు. ఆ ముక్కు కాస్తా మూడేళ్ల కిందట వచ్చిన జ్వరంతో చచ్చిపోయింది. చెబితే పని పోతుందని భయపడి పెరుమాళ్ ఎవరికీ చెప్పలేదు, చివరికి భార్య రాజలక్ష్మికి కూడా. రంగు చూసి, గోటితో గిల్లి ఎలాగో నెట్టుకొచ్చాడు.

ఫిబ్రవరిలో కొండల నుంచి భూచంపకం దుంపలని ఒక మూట దిగింది. చంటిపిల్లల ఒంటికి రాసే నూనెలో అంగడివాళ్లు వేసే సరుకు అది. పెరుమాళ్ ఒక దుంప విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. చూపుకు ఇలాగే ఉండే అడవి దుంపలు ఇంకా ఉన్నాయి. పొరపాటు జరిగితే మండేది పసిపిల్లల ఒళ్లు. అబద్ధానికి తల ఊపుదామంటే మెడ కదల్లేదు పాపం!

"అయ్యా, రెండు నెలలు ఈ మూట ముట్టుకోవద్దు."

"రెండు నెలలా! ఏందప్పా నీ కత?"

"పూసినాక చెప్తా."

సుందరం నవ్వాడు గానీ మూటను పక్కన పెట్టించాడు. పెరుమాళ్ మూడు దుంపలు ఇంటికి తెచ్చి, మిద్దె మీద పాత రంగు బకెట్టులో పాతాడు. భూచంపకం పువ్వును ఆయన జన్మలో చూడలేదు. ఆకు కంటే ముందు మట్టిలోంచే పూస్తుందనీ, తెల్ల రేకుల నడుమ ఊదా రంగు ఉంటుందనీ సరుకు తెచ్చిన కొండమనిషి చెప్పాడు, అంతే.

"ఉత్త మట్టికి నీళ్లు పోస్తా ఉండావే, మతి గాని పోయిందా?" అని రాజలక్ష్మి రోజూ దెప్పేది.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆమె బట్టలు ఆరేయడానికి వచ్చేసరికి పెరుమాళ్ బకెట్టు ముందు కూలబడి ఉన్నాడు. ఒక్క ఆకైనా లేదు. మట్టిని చీల్చుకుని పువ్వు, తెలుపులో ఊదా. ఆయన కళ్ల వెంట నీళ్లు.

"నాకు వాసన తెలీదు లక్ష్మీ. మూడేండ్లాయె."

"నా దగ్గరా దాచినావా? అందుకేనా, నేను మాడ్చిన పులుసు కూడా బాగుందంటివి!" అని కసిరి, పక్కన చతికిలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆయన ఒక దుంప తవ్వి, తుంచి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "ఎట్లుందో చెప్పు."

"చెప్పేదేముంది? పెండ్లయిన కొత్తలో నువ్వు అంగడి నుంచి వస్తే నీ చొక్కాకు ఇదే వాసన. ఉతికేదానికి మనసొచ్చేది కాదు నాకు."

ఆ పూటే పెరుమాళ్ అంగడికి పోయి యజమాని ముందు నిలబడ్డాడు.

"అయ్యా, నా ముక్కు పోయి మూడేండ్లు. పని తీసేసినా సరే. సరుకు మాత్రం అసలుదే. పువ్వు నేను చూస్తిని. వాసన నా పెండ్లాం చెప్పింది."

సుందరం ఇంకో మాట అడగకుండా మూట తాడు కోశాడు.