షాదీపూర్ లైను

కళ్యాణికి ఆ రోజుతో ప్రొబేషన్ అయిపోతుంది. పార్సిల్ ఆఫీసువాళ్ళ ట్రాలీ ఆటో ఆమె నడుపుతోంది. పక్కన గోపినాథ్ కూర్చున్నాడు. వయసులో ఆమెకన్నా చిన్నవాడే, కానీ పని నేర్పేవాడు. సాయంత్రం ఆఫీసులో అతను ఔనంటే ఉద్యోగం ఖాయం. కాదంటే మళ్ళీ జంగ్లీఘాట్‌లో మరిది ధనరాజు ఇంటి చాకిరీ. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమె తినే ప్రతి ముద్దనీ తోటికోడలు కళ్ళతోనే తూచేది. కళ్యాణి ఆటో నేర్చుకున్నది సరదాకి కాదు.

"దీదీ, గేటు కాడ ఏం చెయ్యాలి?" అన్నాడు గోపినాథ్, పరీక్ష పెడుతున్నట్టు.

"పేరు పెట్టి గట్టిగా పిలవాల. కోడ్ అడగాల. కోడ్ చెప్తేనే పార్సిలు."

"పక్కా. సొంత అమ్మమ్మ అడిగినా కోడ్ లేకుండా నహీ. మొన్న ఒకడు పక్కింటోళ్ళకి ఇచ్చేశాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, పర్మనెంటుగా." తన మాటకి తనే నవ్వుకున్నాడు.

కళ్యాణి నవ్వలేదు. ఈ దీవి ఊళ్ళో ముందునుంచీ అందరూ చేసింది అదే. ఓడ మీద వచ్చిన మూట ఎవరిదైనా సరే, సందు మొదట్లో దుకాణంలో పడేస్తే ఇంటికి చేరేది.

ఆ వారం గాలివానకి ఓడ ఆలస్యమై, పార్సిళ్ళన్నీ ఒక్కసారే దిగాయి. ఊపిరి తిప్పుకోనివ్వని పని. షాదీపూర్ ఎత్తు ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక సందులో ఆటో ఆపింది. పార్సిలు మీద పృథ్వీ అని ఉంది. కళ్ళు ఫోను మీదే పెట్టుకుని, నేర్పినట్టే గొంతెత్తింది.

"పృథ్వీ గారూ! పార్సిల్! పృథ్వీ గారూ!"

లోపల మాటలు ఆగిపోయాయి. అప్పుడు తలెత్తి చూసింది. గుమ్మం బయట చెప్పుల కుప్ప. వరండాలో గుండు గీయించుకున్న ముసలాయన. వాకిట్లో ముగ్గు లేదు. ముగ్గు లేని వాకిలంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు. ఒకప్పుడు తన వాకిలీ అలాగే ఉంది.

లోపలినుంచి ఒక ముసలామె ఊగిపోతూ వచ్చింది. "ఏటే, కళ్ళు కనబడ్డం లేదా? దినం అవ్వకుండా పోయినోడ్ని గుమ్మంలో నిలబడి పేరెట్టి పిలుస్తావా? ఆడు ఎనక్కి తిరిగి సూస్తే? తెలుగుదానివి కావేటి?"

దినం కాకముందు పేరు పెట్టి పిలిస్తే పోయినవాడు వెళ్ళలేక గుమ్మం దగ్గరే తచ్చాడతాడని కళ్యాణి అత్తగారూ చెప్పేది. ఆ మాటకే భయపడి మొగుడు పోయినప్పుడు ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడు వీధంతా వినబడేలా ఎవరి కొడుకునో పిలిచింది.

ముసలామె వెనకే పృథ్వీ తల్లి యర్రమ్మ వచ్చింది. తిట్టలేదు. "సేపల ఏటకెల్లిన పడవ తిరగబడిపోయిందమ్మా," అంది. తర్వాత పార్సిలు చూసింది. "అది ఆడు తెప్పించిందా? ఏటుందో సూడనీ." రెండు చేతులూ చాచింది.

"కోడ్ చెప్పాలమ్మా. ఆ బాబు ఫోనుకి వచ్చుంటాది."

"మనిషి ఒడ్డుకొచ్చాడు. ఫోను రాలేదమ్మా."

గోపినాథ్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతల ఎవరో తాపీగా చెప్పారు, బుక్ చేసిన నంబరు నుంచి కస్టమరే ఫోన్ చెయ్యాలని.

"ఆడెలా సేస్తాడమ్మా?" అంది యర్రమ్మ, కళ్యాణి దగ్గర నిజంగానే జవాబు ఉందన్నట్టు.

"నీ ఇష్టం దీదీ," అన్నాడు గోపినాథ్ ఎటో చూస్తూ. "జరిగింది మాత్రం ఆఫీసులో చెప్పాలి. నా నౌకరీ కూడా ఉంది కదా."

పార్సిలు పెద్ద బరువేం లేదు. చేతులు చాచితే యర్రమ్మ చేతుల్లో పడేంత దూరం. కళ్యాణికి తోటికోడలి కళ్ళు గుర్తొచ్చాయి. పార్సిలు గుండెకి ఆనించుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. కారణం నొక్కమని ఫోను అడిగింది. మనిషి పోయాడన్న కారణం అందులో లేదు. గోపినాథ్ వేలు పెట్టి చూపించిన చోట నొక్కింది. 'కస్టమర్ వద్దన్నారు' అని ఉందక్కడ.

యర్రమ్మ చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

సాయంత్రం మేనేజరు మెచ్చుకున్నాడు. "గోపినాథ్ అంతా చెప్పాడు. ఏడుపులకి కరిగిపోకుండా రూలు పట్టుకున్నావ్, శభాష్. పర్మనెంట్. రేపట్నుంచి షాదీపూర్ లైను నీదే."

ఇంటికెళితే తోటికోడలు మొదటిసారి అడక్కుండా కంచంలో చేపముక్క వేసింది. కళ్యాణి దాన్ని కంచం అంచుకి జరిపింది.

పార్సిలు తిరిగి ఓడెక్కి వెళ్ళిపోయింది. అందులో ఏముందో ఎవరికీ తెలియలేదు. కళ్యాణి ఇప్పుడు గేట్ల దగ్గర ఎవరినీ పేరు పెట్టి పిలవదు. ముందు వాకిలి చూస్తుంది, తర్వాత హారన్ కొడుతుంది. ట్యాంకు వెనక సందులో హారనూ కొట్టదు. ఆ వాకిట్లో ముగ్గు ఇంకా పడలేదు. అయినా ఆటో చప్పుడు వినబడితే చాలు, యర్రమ్మ గేటు దగ్గరకి వస్తుంది. ఏమీ అడగదు. వెనక ఉన్న డబ్బాలకేసి చూస్తూ నిలబడుతుంది, ఆటో మలుపు తిరిగేదాకా.