పేరు కట్టని పాట

మొన్న మియాపూర్ మెట్రో స్టేషను మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుందామని కూలబడితే, పక్కనున్న అమ్మాయి సెల్‌ఫోనులోంచి మా ఆయన కట్టిన పాట వినిపించింది. ఎవరిదమ్మా అది అని అడిగితే తెర చూసి ఒక పేరు చదివింది. ఆ పేరు నాకు కొత్త కాదు.

మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. మా ఆయన అక్కడ తాపీపని చేస్తూ, గోడతోపాటే దేవుడి పాటలూ కట్టేవారు. ఇద్దరికీ రాయడం రాదు గనుక, సాయంత్రం ఇంటికొచ్చి ఆ చరణాలు నాకు పాడి వినిపించి నా జ్ఞాపకంలో దాచుకునేవారు. పాత కీర్తనల్లో ఆఖరి చరణాన కట్టినవారి పేరుంటుంది కదా, మీరూ పెట్టండీ అని నేను పోరితే, "దేవుడి ముందు మన పేరేంటే, పిచ్చిదానా!" అని నవ్వేసేవారు. మా చంటిది జ్వరంతో చనిపోయిన ఏడాది కట్టిన ఈ పాటలోనూ పేరు పెట్టలేదు.

క్రిస్మస్‌కు ఇంటింటా పాడే మా గుంపులో అది విని, క్యాసెట్లు చేసే పెద్దమనిషొకాయన మా ఆయనచేత పాడించుకుని పట్టుకెళ్ళాడు. మరుసటేడు క్యాసెట్టు వచ్చింది. అట్ట చదివిన పక్కింటి వదిన, "ఏందన్నా గిది, నీ పాటకు ఇంకోని పేరేంది?" అని అరిచింది. ఆ పూట మా ఆయన అన్నం ముట్టలేదు.

కూకట్‌పల్లిలో వకీలుగారి దగ్గరకు వెళ్ళాం. ఎక్కడా నమోదు చేయించకపోయినా పాట కట్టినవాడిదేననీ, అతని తదనంతరం కూడా అరవై ఏళ్ళు వారసులదేననీ ఆయన ఓపిగ్గా చెబుతుంటే మాకు ప్రాణం లేచొచ్చింది. మరి కట్టింది మీరేనని ఎలా చూపిస్తారు అన్నారు. నేను పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా పొల్లుపోకుండా పాడాను. "క్యాసెట్టు కొన్నవాళ్ళందరికీ వచ్చు కదమ్మా," అన్నారాయన, తల వంచుకుని.

మాతో పాడినవాళ్ళు సాక్ష్యం చెబుతారేమోనని వెళితే, "దేవుని పాటకు కోర్టేంది అన్నా, జర ఊకో," అన్నారు. అది మా ఆయన మాటే, ఆయనకే తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆయన గోడలు కట్టారుగానీ, పాట కట్టలేదు. చివరికి ఆయన సమాధి దగ్గర కూడా ఆ పాటే ఎత్తుకున్నారు. ముందుగా పాస్టరుగారు రచయిత పేరు గౌరవంగా చెప్పారు, ఆ అట్టమీది పేరే.

ఇప్పటి పిల్లలు కూనిరాగం తీసినా ఫోను పట్టి ఉంచుతుంది. మా రోజుల్లో పాటకు మనిషి గుండె తప్ప వేరే చోటేదీ? వకీలుగారు చెప్పిన అరవై ఏళ్ళు ఇంకా నడుస్తున్నాయి, ఆ హక్కు ఇప్పుడు నాదేనట. మెట్లమీద నా పెదాలు కదలడం చూసి ఆ అమ్మాయి మురిసిపోయింది.

"ఈ పాట మీకూ వచ్చా, ఆంటీ?"

వచ్చమ్మా, అన్నాను.