నాలుగు లైట్ల ఇంపాలా

కొత్త రాష్ట్రం వచ్చి, ఇంటింటికీ చవక ఫోనూ అందులో అంతకంటే చవకగా ఇంటర్నెట్టూ అందిన ఆ రోజుల్లో మా ఊరి కుర్రాళ్ళకు తలా ఒక విద్య అబ్బింది. ఒకడు మబ్బు చూడకుండానే వాన ఎప్పుడొస్తుందో చెప్పేవాడు. ఇంకొకడు జాగా చూడకుండానే ప్లాటు ఎంత పలుకుతుందో చెప్పేవాడు. నేను అమెరికా పాత కార్ల పేర్లు చెప్పేవాణ్ణి, ఒక్కదాన్నీ ఎక్కకుండా, ఆ మాటకొస్తే ఒక్కదాన్నీ కళ్ళారా చూడకుండా. పానగల్ దగ్గరి మా నేతగాళ్ళ వాడలో ఆటోలూ ట్రాక్టర్లూ తప్ప మరో బండి పెద్దగా తిరిగేది కాదు. ఇక్కడ ఈ విద్య దేనికి పనికొస్తుందని అడిగినవాళ్ళను నేను జాలిగా చూసేవాణ్ణి. (అప్పటికి నా డిగ్రీలో రెండు పేపర్లు మిగిలి ఉన్నాయి. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే వాళ్ళే నన్ను జాలిగా చూసేవాళ్ళు.)

ఆ విద్యలో అసలు కిటుకు చెబుతాను వినండి. అరవైల మొదట్లో అక్కడి ఒక పెద్ద కంపెనీ ఒకే ఒంటికి మూడు పేర్లు పెట్టి అమ్మింది. అన్నిటికంటే కిందిది బిస్కేన్, నడిమిది బెల్ ఎయిర్, పైది ఇంపాలా. తలుపులు చూసినా, బానెట్ చూసినా అన్నదమ్ముల్లాగే ఉంటాయి. తేడా అంతా మెరిసే పట్టీల్లో, సీటు బట్టలో, ముఖ్యంగా వెనక లైట్లలో ఉంటుంది. అటు మూడు, ఇటు మూడు గుండ్రటి ఎర్ర లైట్లుంటే ఇంపాలా. అటు రెండు, ఇటు రెండే ఉంటే తక్కిన రెంటిలో ఏదో ఒకటి. ఈ రహస్యాన్ని నేను చాలా కష్టపడి, ఫోను వేడెక్కి చెయ్యి కాలేదాకా చదివి సంపాదించాను. మా అవ్వకు, అంటే మా బాపు తల్లికి, ఒకసారి విడమరిచి చెబితే ఆవిడ రాట్నం ఆపకుండానే తేల్చేసింది. "గంతేనా? ఒకటే చీర, అంచు పెద్దది చిన్నది. గిదానికి గిన్నొద్దులు సదివినవా?"

నాకు రోషం వచ్చింది గానీ, ఇంపాలా అన్న మాట నేను మొట్టమొదట విన్నది ఆవిడ నోటనే. అవ్వ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాయినతో కలిసి దొర గడీకి చీరలు ఇవ్వడానికి పోయిందట. దారిలో దొర కారు వస్తోందని కేకలు వినపడగానే నాయిన చెప్పులు విడిచి, చీరల మూటనూ బిడ్డనూ పట్టుకుని పక్కనున్న ముళ్ళకంపలోకి దిగాడట. కారు పోయాక మూటంతా దుమ్ము. గడీ వాకిట్లో నిలబెట్టి ఆ దుమ్ముకే నాయినను తిట్టారట. "ఇంపాలా అనిరి. గసొంటి కార్ల ఒక్కపారి కూసుంటే సాలు బిడ్డా నా జన్మకు" అని అవ్వ చెప్పినప్పుడల్లా నవ్వేది గానీ, నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. అందుకే మా అన్న పెళ్ళి కుదిరిన రోజే అవ్వ తల మీద చెయ్యి పెట్టాను. "బరాత్‌కు ఇంపాలానే తెస్తనే. ముంగట సీట్ల నువ్వే. నీ మీదొట్టు."

పెళ్ళి పెత్తనమంతా మా చిన్నాయినది. "ఉన్న కార్లకు పూలు గట్టుకుంటే కాదా, పాత ఇనుము గావాల్నా?" అని ఆయన గొణిగాడు. నేను వినలేదు. హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళకు పాత కార్లు కిరాయికిచ్చే ఒకాయనను ఫోన్లో పట్టాను. ఆయన పంపిన ఫోటోలో తెల్లటి ముఖం, వెడల్పాటి గ్రిల్లు, నాలుగు హెడ్‌లైట్లు చూసి పొంగిపోయాను. వెనక వైపు ఫోటో అడగాలని నాకు తట్టలేదు. (ప్రపంచంలో ఏ కారుకైనా వెనకే చూడాలని వాడంతా ఉపన్యాసాలిచ్చింది నేనే.)

పెళ్ళి రోజు సాయంత్రం ఫంక్షన్ హాలు ముందు ఆ కారు వచ్చి ఆగేసరికి పిల్లలు భోజనాలు వదిలి పరుగెత్తారు. ఓడంత కారు. పక్కన ఇంపాలా అని అక్షరాలు కూడా ఉన్నాయి, కొత్తవి, కొంచెం వంకరగా. నేను చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్టర్‌లాగా చుట్టూ తిరిగి వెనక్కి పోయాను. రెండు. ఇటు వచ్చి చూశాను. రెండు. ఇంకెక్కడైనా దాక్కున్నాయేమోనని బంపర్ కిందికి కూడా వంగి చూశాను.

"అన్నా, గిది ఇంపాలా గాదు" అన్నాను డ్రైవర్‌తో.

ఆయన పెద్ద మీసాలాయన. పాన్ నములుతూ తాపీగా దిగాడు. "గట్లెట్ల గాదు తమ్మీ? పేరు రాసున్నది గదా?"

"పేరు గాదు, లైట్లు జూడు. ఎన్నున్నయ్?"

"నాలుగు. నాలుగూ ఎలుగుతయ్. ఇంకేం గావాలె నీకు?"

ఇంపాలాకు ఆరుండాలని, పక్కన మెరిసే పట్టీ ఉంది కాబట్టి ఇది బెల్ ఎయిర్ అని, ఇది మోసమని నేను గొంతు పెంచాను. బ్యాండువాళ్ళు వాయించడం ఆపి నా చుట్టూ చేరారు. అంతలో చిన్నాయిన చెమటలు కక్కుతూ వచ్చాడు. "వారీ, పెండ్లికొడుకు నిలవడ్డడు, పెండ్లిపిల్ల నిలవడ్డది. నువ్వు గీడ వంగి ఏం దేవులాడుతున్నవ్‌రా?"

"చిన్నాయినా, ఇది ఇంపాలా గాదు. బెల్ ఎయిర్."

"నడుస్తదా?"

"నడుస్తది గని..."

"ఇగ మూస్కొని ఎక్కిచ్చు మరి!"

ఆయనకేం తెలుసు? ఒట్టు వేసింది నేను. అరవై దాటిన మనిషి జన్మంతా మోసిన కోరికను తీసుకెళ్ళి నడిమి మెట్టు మీద కూర్చోబెడతానా? నా ప్రాణం ఒప్పలేదు. అయినా బుర్రంటూ ఉన్నవాడికి దారి దొరక్కపోదు. హాలు పక్కనే ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడ పాత ట్రాలీకి ఉండే గుండ్రటి ఎర్ర లైట్లు రెండు బతిమాలి తెచ్చాను. అటొకటి ఇటొకటి టేపుతో అతికించి, టేపు కనపడకుండా బంతిపూల దండలు చుట్టాను. ఆ విధంగా మా నల్లగొండ జిల్లాలో ఒక బెల్ ఎయిర్‌కు ప్రమోషన్ వచ్చింది. డ్రైవర్ చూసి, "నువ్వు శానా పెద్దగైతవ్ తమ్మీ" అని దండం పెట్టాడు.

అవ్వ ఇంట్లో నేసిన మామిడిరంగు చీర కట్టుకుని వచ్చింది. చెప్పులు విడిచి కారెక్కబోతే, "వేసుకునే ఎక్కవే!" అని నేనే మళ్ళీ తొడిగాను. ముందు సీట్లో డ్రైవర్ పక్కన నిటారుగా కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుంది. అన్నా వదినలు వెనక కూర్చున్నారు. బ్యాండు అందుకుంది, బరాత్ కదిలింది.

కొద్దిదూరం పోగానే మసక పడింది, డ్రైవర్ లైట్లు వేశాడు. నాలుగు వెలిగాయి. నా రెండూ వెలగలేదు, వాటికి తీగలు ఏడిస్తే కదా! ఇక చేసేదేముంది, ఫోన్ టార్చి వేసి ఆ రెండు అద్దాల మీదికి మార్చి మార్చి కొడుతూ కారు వెనకే నడిచాను. అటు కొడితే ఇటు ఆరిపోతుంది, ఇటు కొడితే అటు. మధ్యమధ్యలో రెంటి మీదా వెలుగు పడినప్పుడు ఫోటో తీసుకున్నాను. "గీనికేమైందిరా?" అని బంధువులు నా వైపు చూసి గుసగుసలాడుకున్నారు. సిమెంటు రోడ్డు అయిపోయి మా వాడకు తిరిగే మట్టిబాట వచ్చింది. గుంతలో చక్రం పడగానే కుడివైపు లైటు దండతో సహా ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

కారు ఆగింది. నా లైటు కోసం ఆగిందనుకున్నాను. కాదు. ముందు కిటికీలోంచి అవ్వ గొంతు వినపడుతోంది. "మెల్లగ పోనియ్యి బిడ్డా. ఎనక మనోళ్ళు నడుస్తున్నరు, దుమ్ము గొడ్తది."

ఆ మాట విన్నాక నాకు ఇక దాచబుద్ధి కాలేదు. లైటు చేత్తో పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాను. ఏడుపొక్కటే తక్కువ. "అవ్వా, గిది ఇంపాలా గాదే. అంచు చిన్నది. ఎనక నాలుగే లైట్లున్నయ్. నేనే గివి కట్టిన."

అవ్వ నా చేతిలోని ట్రాలీ లైటునూ, ముఖం నిండా ఉన్న దుమ్మునూ చూసింది. పైట చెంగుతో నా ముఖం తుడిచింది.

"ఓరి పిచ్చి బిడ్డా, ఎనక లైట్లు ఎనక నిలవడ్డోళ్ళకు గదరా. నేను లోపట కూసున్న. నాకు ఎన్నుంటే ఏంది?" అని, కొంచెం జరిగి పక్కన చోటు చూపించింది. "దా, ఎక్కు. దుమ్ముల నడువకు."

ఎక్కి ఉండాల్సింది. కానీ ఇరవై రెండేళ్ళ పండితుడు ఎక్కుతాడా? ఎడమవైపు లైటు ఇంకా గట్టిగానే ఉంది, ఒక వైపు మూడు, ఒక వైపు రెండు ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? "నువ్వు పోవే, నేనొస్త" అని, ఊడిన లైటును చేత్తో బంపర్ మీద నొక్కి పట్టుకుని ఇంటిదాకా నడిచాను.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ రోజు ఫోటోలు మాత్రం ఫోన్లు మారినా నాతోనే వస్తున్నాయి. అన్నీ వెనక నుంచి తీసినవే. లెక్కపెట్టుకుంటే ఆరు లైట్లు తప్పకుండా ఉంటాయి, అవ్వ ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. ఒక ఫోటోలో మాత్రం ముందు కిటికీలోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికి వచ్చి, మెల్లగా, మెల్లగా అన్నట్టు ఊపుతోంది. అమెరికా కార్ల గురించి ఈ జిల్లాలో నా అంత తెలిసినవాడు ఇప్పటికీ లేడు, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కాకపోతే ఈ రోజు దాకా ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు. ఒక్కసారి చోటు దొరికింది, అదీ మా అవ్వ పక్కన.