పాత ఎర్రగీత

చిన్న విమానాల షెడ్డులో ముప్ఫయ్యేళ్లుగా పనిచేస్తున్న మెకానిక్కును అందరూ గీతల మేస్త్రి అనేవాళ్లు. నట్టు బిగించాక దాని మీదుగా పక్క లోహం దాకా ఎర్రగీత గీయడం ఆయన అలవాటు. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి పట్టిస్తుంది. ఆయన పనిలో చేరిన ఏడాదే, నట్టు ఊడిన విమానం ఒకటి పొలంలో కూలింది. నడిపినవాడు మళ్లీ లేవలేదు. అప్పట్నుంచీ గీత గీయనిదే ఆయన చెయ్యి తుడుచుకోడు. ఆ రంగు మాత్రం పెళ్లాం గోళ్లరంగు. మొగుడి నట్లకున్న సింగారం తన గోళ్లకు లేదని ఆవిడ సాధింపు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ముద్ద నోట పెట్టబోతూ గూట్లోకి చూశాడు. ఎర్రసీసా అక్కడుంది.

"ఇదిక్కడెందుకుందే?"

"నిన్న చొక్కా ఉతుకుతూ జేబులోంచి తీశా. నా వస్తువు నా గూట్లో ఉంటే తప్పా?"

ముద్ద కంచంలో పడింది. పొద్దున ఒక విమానానికి నూనె గొట్టం మార్చాడు. పాత నట్టునే చేత్తో తిప్పి, పానా అందుకోబోతుంటే ఇంకో విమానం నెట్టడానికి పిలిచారు. తిరిగొచ్చి వంగి చూస్తే నట్టు మీద ఎరుపు కనబడింది. బిగించేశాననుకుని ఇంజను మూత వేసేశాడు. సీసా ఇంట్లో ఉంటే ఆ ఎరుపెక్కడిది? పాతగీత. విప్పినప్పుడే తుడిచెయ్యాల్సింది.

ఆ విమానం ఇప్పుడు గాల్లో ఉంది. అందులో పైలటు, నడపడం నేర్చుకుంటున్న ఒక పంతులమ్మ.

ఎంగిలిచేత్తోనే, విమానాలతో రేడియోలో మాట్లాడే గుమాస్తాకు ఫోను చేశాడు.

"పంతులమ్మ ఎక్కిన విమానాన్ని దించెయ్యమను. నూనె నట్టు బిగించలేదు."

"మీరు బిగించకపోవడమేంటి మేస్త్రిగారూ? ఎండ తగిలిందా?"

"ముందు దించమను నాయనా."

"తీరా బిగించే ఉంటే పైలట్ సారు మీ చెవులు మెలేస్తారు."

"మెలెయ్యడానికి ఆయనుండాలిగా."

స్కూటరు వెనక పెళ్లాం ఎక్కింది, పిడికిట్లో సీసా. మైదానం చేరేసరికి ఆకాశం ఖాళీగా ఉంది. ఈగ చప్పుడైనా ఇంజనేమోనని తలెత్తాడు. ఎంతసేపటికో చెట్ల మీదుగా ఒక చుక్క కనబడింది. పెద్దదైంది. నేలను తాకి సగం దూరం వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది.

విమానం పొట్టంతా నల్లటి నూనె. పంతులమ్మ దిగి గడ్డి మీద కూర్చుండిపోయింది.

"నూనె మీటరు ముల్లు పడిపోతుంటే మీటరే చెడిందనుకున్నా. ఇంకో చుట్టు తిరుగుదామనుకుంటుంటే మీ కబురొచ్చింది," అన్నాడు పైలటు.

మేస్త్రి ఇంజను మూత తీశాడు. నట్టు రెండు వేళ్లకే తిరిగింది. పనుల పుస్తకం తెప్పించి, 'బిగించలేదు, తప్పు నాది' అని అందరి ముందూ రాశాడు. పాత ఎరుపు గీకేసి, పానాతో బిగించి, సీసా కోసం చెయ్యి చాచాడు.

ఆవిడ ఇవ్వకుండా తనే సీసా మూత తిప్పి, ఎవరినీ అడక్కుండా గీత గీసింది.

"వంకరగా వచ్చింది," అన్నాడాయన.

"వంకరైతేనేం, ఇవాళ్టిది."