పక్క గది నుంచి పలకరింపు

నేను పనిచేసేది కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో. పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులకు పత్తి అమ్మే రైతులు తమ వంతు కోసం ఫోన్‌లో టోకెన్ తీసుకునే సైటును మేమే నడుపుతాం. అది ఎంత సేపట్లో జవాబిస్తున్నదో రోజంతా తెర మీద చూడటం నా పని. ఐదు నిమిషాలకోసారి ఒక కంప్యూటర్ ఆ సైటును పలకరిస్తుంది. వెంటనే పలికితే పచ్చ చుక్క, ఆలస్యమైతే ఎర్ర చుక్క. నేను చేరినప్పటి నుంచి దాదాపు అన్నీ పచ్చవే.

పోయిన పత్తి సీజన్‌లో బాపు హుస్నాబాద్ దగ్గరి మా ఊరి నుంచి ఫోన్ చేసిండు. ఏరిన పత్తి ముందరి అర్రలో పోసిండ్రట, మబ్బు పట్టిందట, పొద్దటి నుంచి టోకెన్ కోసం నొక్కుతుంటే చక్రం తిరుగుడే తప్ప ఏమీ వస్తలేదట. ఆ అర్ర రేకులు కారుతయి. తడిసిన పత్తిని మిల్లువాళ్లు వాపస్ పంపుతరు. తెర చూసిన. పచ్చ చుక్క, అర సెకనులో జవాబు. నీ ఫోన్ పాతదైంది బాపూ అని చెప్పిన. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

"మా వాడకట్టుల అందరి ఫోన్లు ఒక్కపారే పాతగైనయా బిడ్డా?" అన్నడు.

ఆ రోజే వెతికిన. పలకరించే కంప్యూటర్ సర్వర్ పక్క గదిలోనే ఉంది, రెండింటి మధ్య ఒక్క తీగ. కరెంటు పోయినప్పుడల్లా, సైటు బాగున్నా దొంగ ఎరుపు వస్తున్నదని మా సారే దాన్ని ఇన్వర్టర్ ఉన్న గదిలోకి మార్చిండట. పక్క గదిలో మనిషికి వినబడితే ఊరందరికీ వినబడినట్టేనని లెక్క.

ఆదివారం ఊరికి పోయి, నా పాత ఫోన్‌ను మా ఇంటి కిటికీలో పెట్టి, అది కూడా సైటును పలకరించేటట్టు చేసిన. సోమవారం తెర మీద కొత్త వరుస ఒకటి వచ్చింది. మొత్తం ఎరుపే. నలభై సెకన్లు, యాభై, తర్వాత జవాబే లేదు. నలుగురిలో నాకు నోరు పెగలదు. అంతా ఒక కాగితం మీద రాసి సార్ టేబుల్ మీద పెట్టిన.

చదివి, కాగితం మడత పెట్టిండు. "మీ ఇంటి కిటికీ మన ఆఫీసు కాదమ్మా. గా వరుస తీసెయ్. మిల్లోళ్లకు పోయే రిపోర్టు ఖరాబైతది."

తల ఊపిన. అడగవలసినవన్నీ డైరీలో రాసుకున్న, ఒక్కటీ అడగలే. రిపోర్టులోంచి, తెర మీది నుంచి ఆ వరుస తీసేసిన కానీ కిటికీలో ఫోన్‌ను మాత్రం ఆపలే.

బుధవారం వాన పడ్డది. సగం పత్తి తడిసింది. పొడిగా ఉన్న సగాన్ని ఊర్లోకి వచ్చిన వ్యాపారికే తక్కువ ధరకు ఇచ్చేసి, మిగిలింది మంచాల మీద ఆరబోసి, బాపు ఫోన్ చేసిండు. తిట్టలే. ఆ ముచ్చటంతా చెప్పి, చివరికి అడిగిండు.

"ఇయ్యాల మీ తెర ఏం రంగున్నది బిడ్డా?"

సార్ నా కుర్చీ వెనకనే నిలబడి ఉన్నడు.

"పచ్చగనే ఉన్నది బాపూ," అన్న.