మేడం గారి సపోటా చెట్టు, నా కసి

మా బోటనీ మేడం గారు పోయారని గుంటూరు ఆసుపత్రి నుంచి ఆవిడ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఆవిడ పోయారు, పక్కింటాయన మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. ఇక ఆ సపోటా చెట్టుకు దిక్కెవరు అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటి మాటలు రాయకూడదంటారు. తియ్యతియ్యగా రాస్తే మేడం గారికే నచ్చదు.

చిలకలూరిపేట కాలేజీలో ఆవిడ దగ్గర చదువుకున్నాను. స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఉద్యోగం దొరికాక ఆవిడ ఇంట్లోనే ఓ పోర్షన్‌లో అద్దెకు దిగాను. అప్పటికే రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లో సపోటా చెట్టు చుట్టూ తిరిగేవారు. నేను చీపురు తీసుకెళ్తే ఆగమనేవారు. రాలిన ఆకుల్లో నాలుగైదు తీసి, వెనక్కి తిప్పి చూసి, అప్పుడు ఊడ్వనిచ్చేవారు. "ఊడ్చేశాక చెట్టు ఏం చెప్పిందో ఎట్లా తెలుస్తుందే" అనేవారు.

ఆ చెట్టంటే పక్కింటాయనకు పడదు. కొమ్మలు గోడ దాటి వచ్చి తన కారు మీద ఆకులు రాలుస్తున్నాయని, గబ్బిలాలు చేరుతున్నాయని రోజూ గొడవే. మేడం గారు ఒక కొమ్మ నరికించారు. అది చాల్లేదు మహానుభావుడికి.

పోయినేడు వానాకాలం వెళ్ళాక చెట్టు ఉన్నట్టుండి ఆకు రాల్చడం మొదలుపెట్టింది. ముదురాకు పండి రాలడం మామూలే. ఇది పచ్చిగా ఉన్నదే రాలుతోంది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని నేను బకెట్టు ఎత్తబోతే మేడం గారు చెయ్యి పట్టుకుని ఆపారు. వేళ్ళ దగ్గర మట్టి పిడికెడు తీసి నలిపి చూశారు. తడి పదునుగానే ఉంది. ఆకుల వెనక పురుగూ లేదు, బూజూ లేదు. కొత్త చిగుళ్ళు మాత్రం సన్నగా మెలికలు తిరిగి వస్తున్నాయి. అదీ గోడ వైపు కొమ్మలకే. వంగి చూస్తే గోడ వారన మా వైపు గడ్డి తెల్లగా మాడిపోయి ఉంది. ఆవిడ ఒక రెమ్మ తుంచి కవర్లో వేసుకుని చెప్పులు తొడుక్కున్నారు.

మా ప్రాంతంలో మిరపకో పత్తికో ఆకు ముడుచుకుంటే ఓ రెమ్మ తుంచి కవర్లో వేసుకుని పురుగుమందుల కొట్టుకు వెళ్తాం. కొట్టాయన ఆకు చూసి ఫలానా మందు అంటాడు, తెచ్చుకుని కొడతాం. బజార్లో అలాంటి కొట్టొకటి పక్కింటాయనది. మేడం గారు అక్కడికే వెళ్ళారు, వెనక నేను. కొట్టు నిండా మిరప రైతులు.

"ఏవండీ, మా సపోటా ఆకు. ఎందుకు రాలుతోందో చూసి చెప్పండి" అన్నారు.

ఆయన కవరు వంక చూశాడు, ఆకు మాత్రం ముట్టుకోలేదు. "నల్లి పురుగండి మేడం గారు. మందిస్తాను, కొట్టించండి."

"తిప్పి చూడకుండానే? నల్లి ఆకు వెనక కదండీ ఉండేది."

"వాతావరణం బాలేదండి, అన్నిటికీ అట్లాగే ఉంది."

"వాతావరణం గోడ వైపు కొమ్మలకే బాలేదాండి? కింద గడ్డి కూడా మాడింది. గడ్డిమందు మీ కొట్లోదే అయ్యుంటుంది. ఎవరి చేత్తో పోశారో కాస్త గుర్తు తెచ్చుకోండి."

రైతుల్లో ఓ పెద్దాయన "ఏందయ్యా ఇది" అని, చేతిలో మందు సీసా బల్ల మీద పెట్టేసి, ఎదురు కొట్లోకి వెళ్ళాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు వెళ్ళారు. నాకు కడుపు నిండిపోయింది.

పోలీసు రిపోర్టు ఇద్దామన్నాను. "వద్దు. అట్లాగని క్షమించానని ఎవరితోనూ అనకు. క్షమించలేదు" అన్నారు.

మందు పడ్డ మట్టి గోడ పొడుగునా తవ్వించి బయట పారబోయించారు. మంచి మట్టిలో బొగ్గుపొడి, మాగిన పేడ కలిపి నింపించారు. ఎరువు వేద్దామంటే కోప్పడ్డారు, జ్వరం వచ్చినవాడికి బిర్యానీ పెడతావా అని. ఎండాకాలం దాటేసరికి చెట్టు నున్నటి చిగురు వేసింది. దాన్ని ఆవిడ చూసుకున్నారు, అదొక్కటీ నాకు తృప్తి.

ఆవిడ్ని ఇంటికి తెచ్చిన రోజు అందరికంటే పెద్ద దండ పక్కింటాయనదే. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. పెద్దకర్మ రోజు భోజనాలకు మొదటి బంతిలోనే కూర్చున్నాడు. వడ్డనలు సాగుతుండగా మేడం గారి తమ్ముణ్ణి పిలిచి అన్నాడు: "మేడం గారే పోయారు, ఇంక ఆ చెట్టెందుకు తమ్ముడూ. రేపే మనుషుల్ని పంపిస్తా, కొట్టించేద్దాం."

నేను గారెల బేసిను పట్టుకుని వాళ్ళ ముందే ఉన్నాను. బేసిను కింద పెట్టాను. చెట్టుకు ఈయన ఏం పోశాడో, కొట్లో ఏం జరిగిందో అందరికీ వినబడేట్టు చెప్పాను. మేడం గారు తనవాళ్ళకు కూడా చెప్పుకోలేదు. ఒంగోలు దగ్గర పొగాకు వేసే ఆ తమ్ముడికి అప్పుడే తెలిసింది.

"నిజమేనా?" అని పక్కింటాయన్ని అడిగాడు.

"ఆడపిల్ల ఏదో ఆవేశంలో..."

"నిజమేనా, కాదా?"

పక్కింటాయన తల దించుకున్నాడు.

"లెగండి" అన్నాడు తమ్ముడు. "మా అక్క ఇంట్లో మెతుకు ముట్టద్దు."

మావైపు ఎంత పగవాడినైనా బంతిలోంచి లేపరు. లేపితే ఆ మాట మనవల దాకా పోతుంది. కూర్చోమని ఒక్కరైనా అంటారేమోనని ఆయన అటూ ఇటూ చూశాడు. అందరూ వాళ్ళ వాళ్ళ అన్నం కలుపుకుంటున్నారు. లేచి, పొడిచేతుల్తో గేటు దాకా నడిచాడు. తమ్ముడు నా వైపు తిరిగి "చెట్టు నువ్వు చూసుకో అమ్మా" అన్నాడు, అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

వడ్డించే మనిషి వచ్చి ఆ విస్తరి తీసెయ్యమంటారా అని అడిగాడు. వద్దన్నాను. బంతి లేచేదాకా అది అక్కడే ఉంది. పప్పు మీద ఈగలు వాలాయి, పోసిన నెయ్యి పేరుకుంది.