అంచులకు మాత్రమే జిగురు

మైదా జిగురు ఉడికే వాసన ఈ ఉదయం కిటికీలోంచి నా గదిలోకి వచ్చింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఎదుటి గోడకు పోస్టర్లు అంటించే కుర్రాళ్ళు రోడ్డు పక్కన మూడు రాళ్ళు పెట్టి, డబ్బాలో మైదా ఉడికిస్తున్నారు. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కూడా వేశారు. ఆ వాసనకు అందరికీ పార్టీలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం సుగుణమ్మ టీచర్ గుర్తొస్తుంది.

జమ్మలమడుగుకు అవతల ఒక ఊరి హైస్కూల్లో నేను సోషల్ చెప్పే రోజుల్లో ఆమె అక్కడ డ్రాయింగ్ టీచర్. మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. ఎక్కువ మాట్లాడేది కాదు. ఊరిది ఒకటే పెద్ద వీధి. తూర్పు కొసన ఒక పార్టీ, పడమటి కొసన ఇంకో పార్టీ, మధ్యలో ఇళ్ళు కలగలిసి ఉండేవి. ఆ ఏడు స్కూలు వార్షికోత్సవానికి ఎనిమిదో తరగతి పిల్లలందరూ కలిసి ఒకే బొమ్మ వేయాలని ఆమె తలపెట్టింది. ఎవరి ఇల్లు వాళ్ళు ఒక కాగితం మీద వేయాలి. అడుగున వీధి గీత అన్నిటికీ ఒకే ఎత్తులో ఉండాలి. వరుసగా అంటిస్తే హాలు గోడ మీద ఊరు నిలబడుతుంది.

కాగితాలు నేల మీద పరిచి వరుస సరిచూస్తుంటే ఒక పిల్లవాడు అడ్డం తిరిగాడు. "టీచర్, మా ఇంటి పక్కన వాళ్ళిల్లు ఎందుకు పెడతాండావు? మా నాయన సూస్తే ఊరుకోడు."

"ఊర్లో యాడుంటే ఈడా ఆడే. మీ నాయనతో చెప్పుపో, ఆ ఇల్లు పక్కకు జరపమని. అప్పుడు నేనూ జరుపుతా" అంది ఆమె తలెత్తకుండానే.

పిల్లలు నవ్వారు. నాకు ఇంకొకటి కనిపించింది. దాదాపు ప్రతి మిద్దె మీదా గుండ్రంగా ఏవో కుప్పలు గీశారు. అవేమిటని పక్కనున్న పిల్లవాణ్ణి అడిగాను.

"రాళ్ళు సార్."

"మిద్దె మీద రాళ్ళెందుకు రా?"

వాడు నన్ను జాలిగా చూశాడు. "అవతలి పార్టీ వాళ్ళు మీదికొస్తే ఇసిరేకి. మీది ప్రొద్దుటూరు గదా సార్, మీ మిద్దెల మీద ఏం పెట్టుకుంటారు?"

"వడియాలు" అన్నాను. తరగతంతా గొల్లుమంది. సుగుణమ్మ టీచర్ మాత్రం నవ్వలేదు. అప్పటికే ఆమె చేతిలో ఓబుళమ్మ అనే పిల్ల వేసిన బొమ్మ ఉంది.

ఓబుళమ్మది గొర్రెలు కాసుకునే ఇల్లు. అంతకు కొన్ని నెలల ముందు వాళ్ళ నాయనను సొంత గడప ముందే చంపారు. ఎవరొచ్చారో ఎవరూ చూడలేదని ఊరంతా పోలీసులతో చెప్పింది. ఆ పిల్ల తన ఇల్లు వేసింది. ఇంటి ముందు ఒక జీపు వేసింది. జీపు ముందు సీట్లో ఒక మనిషి, అతని భుజం మీద ఎర్రంచు తువ్వాలు. అలాంటి తువ్వాలు వేసుకునేది ఊళ్ళో ఒక్కడే. తూర్పు కొస పార్టీకి నాయకుడు, మేమంతా పెద్దాయన అని పిలిచే మనిషి. మరునాడు ప్రదర్శన ప్రారంభించవలసిందీ ఆయనే.

"ఇంకొకటి వేస్తావా పాపా?" అని టీచర్ మెల్లగా అడిగింది.

"ఏసినా గదా టీచర్. బాగలేదా?"

"శానా బాగుంది. బాగుండబట్టే భయమైతాంది."

పిల్లను బయటికి పంపాక నేను తొందరపడ్డాను. "దాన్ని తీసేయండి టీచర్. పిల్లకూ తల్లికీ ప్రమాదం."

ఆమె జిగురు డబ్బాలో కుంచె తిప్పింది. "తీసేస్తే అటు ఇల్లూ ఇటు ఇల్లూ దగ్గరికి జరపాల. అప్పుడు మధ్యలో ఆ ఇల్లే లేనట్టైతాది. వాళ్ళు చేసిందీ అదే గదా సార్."

ఆమె ఓబుళమ్మ బొమ్మకు అంచుల వెంబడి సన్నగా జిగురు రాసి దాని చోట్లోనే అంటించింది. ఆరాక దాని మీద ఒక తెల్ల కాగితం పెట్టింది. దానికీ అంచులకు మాత్రమే జిగురు. నడుమ పూస్తే కింది బొమ్మ పాడవుతుందట. తెల్ల కాగితం అడుగున వీధి గీత మాత్రం గీసి పక్కవాటితో కలిపింది. తర్వాత ఓబుళమ్మను పిలిచి చూపించింది. "నీ ఇల్లు నీ చోట్లోనే ఉండాది. ఎవరడిగినా ఇది మా ఇల్లు అని చెప్పు. ఇంగొక్క మాట వద్దు."

మరునాడు పెద్దాయన తన మనుషులతో వచ్చాడు. పిల్లలు ఎవరి బొమ్మ పక్కన వాళ్ళు నిలబడి, "ఇది మా ఇల్లు సార్" అని చెబుతున్నారు. తన మనవడు వేసిన ఇంటి బొమ్మ దగ్గర ఆయన ఆగి, "మా మిద్దె ఇంగొంచెం ఎత్తుండాల గదప్పా, కాగితం చాల్లేదా?" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళు అవసరమైనదానికంటే ఎక్కువగా నవ్వారు. అలా నవ్వుకుంటూనే తెల్ల కాగితం ముందుకు వచ్చారు.

"ఇదేంది? ఏం లేదే?"

"మా ఇల్లు సార్" అంది ఓబుళమ్మ.

నవ్వు ఆగిపోయింది. వరుసలో అది ఎవరి చోటో అక్కడ తెలియనివాళ్ళు లేరు. సరిగ్గా అప్పుడే తలుపులోంచి గాలి కొట్టింది. నడుమ జిగురు లేని కాగితం బుర్రున పొంగి పటపటలాడింది. సుగుణమ్మ టీచర్ చేతిలోని రంగు గుడ్డను పిడికిట్లో నలిపేస్తోంది. పెద్దాయన చెయ్యెత్తాడు. చింపుతాడనుకున్నాను. అరచేత్తో కాగితాన్ని గోడకు అదిమిపట్టాడు.

"గాలి దూరతాంది టీచరమ్మా. సరిగా అంటించలే."

"అవును సార్. జిగురు చాల్లేదు."

ఆయన ఆమెను కాసేపు చూశాడు. చెయ్యి తీసి తువ్వాలుకు తుడుచుకుని తర్వాతి ఇంటికి నడిచాడు.

ఆ సాయంత్రం వరకూ ఊరి ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. మిగతా బొమ్మల ముందు కబుర్లు చెప్పుకున్నవాళ్ళు తెల్ల కాగితం దగ్గరికి రాగానే మాట తగ్గించేవారు. ఒక ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఏనాడూ డైరీ మానని నేను ఆ రోజు పేజీలో "గాలి ఎక్కువ" అని మాత్రం రాశాను.

తర్వాత టీచర్ తడి గుడ్డతో అంచులు నానబెట్టి ఒక్కొక్క కాగితాన్నీ ఊడదీసి ఎవరిది వాళ్ళకిచ్చింది. ఓబుళమ్మ బొమ్మ చెక్కుచెదరకుండా వచ్చింది. దాన్ని వాళ్ళ అమ్మ చేతికే ఇవ్వాలని వెళుతూ నన్నూ తోడు రమ్మంది. ఆ తల్లి బొమ్మను ఒక్కసారి చూసింది. జీపు మీద వేలు పెట్టింది. తర్వాత మడిచి, అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పెట్టింది.

"నాకుండేది ఈ పాప ఒక్కతే టీచరమ్మా."

ఓబుళమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏడవలేదు. కాగితం పూర్తిగా కాలేదాకా టీచర్ అక్కడి నుంచి కదల్లేదు. తిరిగి వచ్చే దారిలో ఒక్క మాటే అంది. "ఆమెది తప్పు గాదు సార్."

పరీక్షలు కాకముందే ఆమెను పులివెందుల వైపు, వేముల దాటాక ఉన్న ఒక బడికి బదిలీ చేశారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. తల్లీకూతుళ్ళు ఊరు వదిలి ప్రొద్దుటూరు చేరారని విన్నాను. నేను వెతికినా కనబడలేదు. కేసులో సాక్షులు లేరు. సుగుణమ్మ టీచర్ చనిపోయిన సంగతి కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తర్వాత నేను హెడ్మాస్టరునై ఎన్నో బళ్ళలో పిల్లల బొమ్మలు గోడలకెక్కించాను. బొమ్మ ఇవ్వలేకపోయిన పిల్లలుంటే వాళ్ళ చోటు జరపనిచ్చేవాణ్ణి కాదు. అక్కడ తెల్ల కాగితం పెట్టించేవాణ్ణి. అదెందుకో ఎవరికీ చెప్పలేదు.

ఈ ఉదయం బయటికి వెళ్ళి చూశాను. పాత పోస్టర్ మీద కొత్తది పెట్టడానికి ఒక కుర్రాడు గోడంతా జిగురు పులుముతున్నాడు.

"అంచులకు మాత్రం పూయి నాయనా" అన్నాను.

"గాలికి లేస్తాది తాతా" అన్నాడు వాడు.

"లేవనీ."

వాడు నవ్వి, కుంచెను మళ్ళీ డబ్బాలో ముంచాడు.